మాస్టారి పేరు ఎదుట నేను వేసిన సున్నా

పోయిన నెల విజయనగరంలో ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు జరిగితే, పాఠాలకు పనికొచ్చే యాప్‌లు, వీడియోలు, క్విజ్‌లు ఎలా తయారు చేసుకోవాలో చెప్పడానికి నన్నూ పిలిచారు. భోజనాల తర్వాత అందరికీ కునుకు పడుతున్న వేళ, నాతోపాటు చెప్పడానికి వచ్చిన మరొకాయన హాలును నవ్వించడానికి ఒక కబురు ఎత్తుకున్నారు. నరసన్నపేట అవతల ఒక హైస్కూల్లో, కరోనాకి బళ్ళు మూసేసిన ఏడాది, ఒక తెలుగు మాస్టారు ఒక్క పాఠమూ చెప్పకుండా దర్జాగా రిటైరైపోయారట. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వు మొహం పెట్టాను. ఆ హైస్కూలు మాదేననీ, ఆ కథ పుట్టింది నా వల్లేననీ ఆయనకు తెలియదు. మా ఈడు మాస్టార్లు కొందరైనా ఇది చదువుతారన్న నమ్మకంతో, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటున్నాను.

అప్పట్లో మా స్టాఫ్‌లో ఫోనుతో ఏ పని పడినా సైన్సు మాస్టర్నైన నన్నే పిలిచేవారు. పెరటి గోడకి నల్లరంగు పూసి, మా ఆవిడ చేత ఫోను పట్టించి, వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టి, తరగతి గ్రూపులో లింకు పడేసేవాణ్ణి. పైనుంచి మెచ్చుకోళ్ళు వచ్చాయి, నాకు కాస్త గర్వం పెరిగిన మాటా నిజమే. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మా తెలుగు మాస్టారి దగ్గర మాత్రం మీటలు నొక్కే ఫోనే ఉండేది. ఆయనది శ్రీముఖలింగం పక్కన, మా ఆవిడ పుట్టిన ఊరే. ఆ వరసన, వయసులో పెద్దయినా నన్ను బావా అని పిలిచేవారు.

మా పిల్లల్లో సగానికి పైగా ఇళ్ళలో ఉన్నది కూడా ఆ మీటల ఫోనే. మాస్టారు ఒక పొడుగాటి నోటుబుక్కులో పేర్లు రాసుకుని, ఎవరి నాన్న పొలం నుంచి ఎన్ని గంటలకు వస్తాడో, ఫోను ఇంట్లో ఎప్పుడుంటుందో కనుక్కుని, సరిగ్గా ఆ వేళకు ఫోను చేసేవారు. వీధికంతా ఒకే ఫోను ఉన్నచోట దాన్ని స్పీకరులో పెట్టి రోలు మీద ఉంచితే, చుట్టూ ఎడంఎడంగా పిల్లలు కూర్చునేవారు. ఆయన అవతల నుంచి పద్యంలో ఒక్కో పాదం చెబుతుంటే వీళ్ళు ఇవతల అందుకునేవారు. పాఠ్యపుస్తకాలు పంచడానికి ఒకసారి ఆ వీధిలోకి వెళ్ళినప్పుడు ఇదంతా నా కళ్ళతో చూశాను. ఒక ముసలమ్మ చేట పక్కన పెట్టి పిల్లలతోపాటు తనూ పద్యం చెబుతోంది.

ప్రతి శనివారం పై ఆఫీసుకు ఆన్‌లైన్ ఫారం నింపి పంపడం నా పని. ఎవరు ఎన్ని పాఠాలు చెప్పారు, లింకు ఏది, చూసిన పిల్లలెందరు అని గడులుండేవి. నోటితో చెప్పిన పాఠానికి లింకు ఎక్కడిది? మాస్టారి పేరు ఎదుట సున్నా వేసేవాణ్ణి. ఆ మాట ఆయనకే చెబితే పడీపడీ నవ్వి, "ఏసేయ్ బావా, సున్నాకి బరువేటుంటాది!" అన్నారు.

ఫారం కింద ఇతర వివరాలు అని ఒక గడి ఉండేది. అందులో రెండు వాక్యాలు రాసుంటే సరిపోయేది. రాయలేదు. బద్ధకమని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి వేరు. అంతకు ముందోసారి స్టాఫ్‌రూంలో అందరి ఎదుటా ఆయన, "మా బావ పాఠం సినిమాలాగుంటాదర్రా, హాల్లో జనవే లేరు గానీ" అన్నారు. నా వీడియోలు చూసే పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందేనన్నది నిజం కాబట్టే, ఆ మాట నాకు ముల్లులా దిగింది.

సున్నాలు పేరుకుని, సంజాయిషీ అడుగుతూ మాస్టారికి మెమో వచ్చింది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, ఈయన పాఠాలు చెబుతున్నారా లేదా, నీకు తెలిసే ఉంటుంది కదా అని సూటిగా అడిగారు. రోలు మీది ఫోను కళ్ళ ముందు మెదిలింది. అయినా, గ్రూపులో అయితే ఏమీ కనబడలేదండీ అన్నాను. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు, అదే నాకు ఇప్పటికీ సిగ్గు. మాస్టారు సంజాయిషీలో పిల్లల పేర్లన్నీ రాసిచ్చినా, ఆధారం లేదని పక్కన పెట్టేశారు. ఆ మచ్చతోనే రిటైరయ్యారు. వీడ్కోలు సభ కూడా ఆన్‌లైన్‌లోనే జరిగింది. మనవరాలి ఫోనులో, మెడలో కండువాతో కనబడ్డారు. ఆ సాయంత్రం మండలం టీచర్ల గ్రూపులో ఎవరో, మాస్టారు ఆన్‌లైన్‌కి వచ్చింది ఈ ఒక్కరోజే అని పెట్టారు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. వాటిలో ఒకటి నాది.

విజయనగరం నుంచి వచ్చిన మర్నాడే ఆయన ఊరు వెళ్ళాను. వీధరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. నవ్వు బొమ్మతో సహా అంతా చెప్పేశాను. ఒలిచిన గింజలు పక్కన పోసి, "కోపం రాలేదని అబద్ధమెందుకాడాల బావా? ఆ మెమో సూసి మా ఇంటిది మూడ్రోజులు సరిగ్గా అన్నం తిన్లేదు" అన్నారు. "ఇప్పుడేటి సేస్తావు?" అని అడిగితే, గ్రూపులో నిజం రాస్తానన్నాను. "రాయి. నా గొప్ప రాయకు. ఆ పిల్లలు సదివినారని రాయి. ఆళ్ళ సదువు కూడా నువ్వు లేదనీసినావు కదా" అన్నారు. ఆ సంగతి అంతవరకూ నాకు తట్టనేలేదు.

ఇంటికి రాగానే రాశాను. రెండు నమస్కారం బొమ్మలు వచ్చాయి. ఆ వెనకే ఒక సర్క్యులరు, ఎవరిదో పుట్టినరోజు కేకు, మర్నాడు పదిహేను శుభోదయాలు వచ్చిపడి, నా మాట పైకి జరిగి జరిగి కనబడకుండా పోయింది.

మనం ఉద్యోగాల్లో చేరిన కొత్తలో ఒకరి గురించి తప్పు మాట అనేస్తే, విన్నవాళ్ళెవరో తెలిసేది. టీ బడ్డీ దగ్గర నలుగురు, స్టాఫ్‌రూంలో ఆరుగురు. మొహం చెల్లకపోయినా ఆ పదిమంది దగ్గరికీ వెళ్ళి, అది తప్పని చెప్పుకుని, కాస్త తేలికపడేవాళ్ళం. యాప్‌లూ వీడియోలూ మంచివేనని ఇప్పటికీ నేర్పుతాను. కానీ ఆనాటి నా నవ్వు ఎవరెవరి ఫోన్లలోకి వెళ్ళిందో, ఏ ఊళ్ళో ఎవరు ఇంకా ఆ కథ చెప్పి నవ్విస్తున్నారో నాకు తెలియదు. ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియక, ఇలా మీ ముందు నిలబడ్డాను. ఆ ఏడాది మా తెలుగు మాస్టారు పాఠాలు చెప్పారు. పిల్లలు చదివారు. నేను చూశాను.