లోకనాథం బాబాయి సరిచేసిన తెలుపు

మొన్న ఊడిపోయిన లైటు తీగ అతుకుదామని సోల్డరింగు ఐరను వేడి పెట్టాను. సోల్డరు కరిగి సన్నటి పొగ లేచింది. ఆ ఘాటుకి మా ఇంట్లో అందరూ దగ్గుతారు, నాకు మాత్రం టీ తాగాలనిపిస్తుంది. లోకనాథం బాబాయి ఐరను పట్టుకున్నాడంటే మధ్యలో మూడుసార్లైనా టీ ఉండాల్సిందే. ఆయన టెక్కలిలో టీవీ మెకానిక్కు. మాకు చుట్టం కాదు, మా నాన్న వాళ్ళ ఊరివాడు కాబట్టి బాబాయి అయ్యాడు.

ఆయనతో పని పడేనాటికి నేను పలాసలో జీడిపప్పు గ్రేడింగులో ఆరేళ్ళు పనిచేశాను. పొద్దస్తమానం తల వంచుకుని కూర్చుని, తెల్లటి పప్పు ఒక పక్కకి, కాస్త పసుపు తిరిగినది ఇంకో పక్కకి తియ్యడమే పని. మెడ పట్టేసి రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. ఆ బాధ పడలేక నేనూ మా ఆయనా కాశీబుగ్గ బస్టాండు దగ్గర వీడియోగేముల కొట్టు పెట్టాం. విశాఖపట్నం నుంచి తెచ్చిన పాత నిలువు మిషను ఒక్కటే మా ఆస్తి. మా అత్తకి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఏసవి సెలవులు అయ్యేలోగా కొట్టు నడవాల. నేదంటే మళ్ళీ పప్పు దగ్గరికి ఎల్లిపోవాల" అంది. సెలవులు మొదలైన వారానికే మిషను లోపల ఆటలుండే బోర్డు కాలిపోయింది.

అలాంటి బోర్డు మళ్ళీ దొరకదన్నారు. పాత కంప్యూటరు ఒకటి లోపల పెడితే ఆ ఆటలే సీడీలోంచి ఆడించవచ్చని మిషను అమ్మినాయన చెప్పాడు. తెచ్చి, మిషనులో ఉన్న పాత టీవీకే కలిపాం. ఆట శబ్దం బ్రహ్మాండంగా వినిపించింది. బొమ్మ మాత్రం రెండుగా చీలి, ఏటవాలుగా జారిపోతోంది. పైగా సన్నగా ఈల. తప్పు టీవీదేనని నేను తీర్మానించేశాను. స్క్రూడ్రైవరు తీసుకుని వెనకాల కనిపించిన ప్రతి బుల్లి మరనీ తిప్పేశాను. నా తెలివికి నన్నే మెచ్చుకోవాలి. అంతవరకూ రెండు బొమ్మలైనా ఉండేవి, ఆ తర్వాత రంగులు కూడా పోయాయి.

అప్పుడు బాబాయికి కబురు పెట్టాం. వచ్చి, వెనక తలుపు తీసి చూశాడు.

"ఏటమ్మా ఇది, అన్నీ తిప్పేసినావా?"

"బొమ్మ వత్తాదేమోనని, బాబాయ్."

"తిప్పేముందు పెన్సిల్తో గీత ఎట్టుకున్నావా? ఏది ఎక్కడుండేదో గురుతుందా?"

నేను అడ్డంగా తలూపాను. ఆయన మిషను వేయించి, కళ్ళు మూసుకుని కాసేపు ఆ ఈల విన్నాడు. "టీవీకి ఏ రోగమూ నేదు. కంప్యూటరు రెండింతల జోరుగా బొమ్మ గీసే గీతలు పంపతంది. ఈ పాతదానికి అంత జోరు అందదు. దాన్నే నెమ్మది సెయ్యాల" అన్నాడు.

నెమ్మది చేసే ఉపాయం ఆ సీడీలోనే ఉంది, దాంతో ఇచ్చిన కాగితంలో రాసి ఉంది. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు ఇంటరు చదివినంత వచ్చు. నేను కూడబలుక్కుంటూ చదవడం, ఆ టీవీ మాటలకి ఆయన అర్థం చెప్పడం. రెండు రోజులకి బొమ్మ ఒకటై నిలబడింది. కానీ మసకగా ఉంది. నేను వెలుతురు పెంచితే నలుపు కాస్తా బూడిదరంగైంది. "ఎలుతురు కాదు తల్లీ, కంప్యూటరు నుంచి వచ్చే రంగులకి బలం సాలదు" అని, మూడు రంగులకీ బలమిచ్చే చిన్న బోర్డు ఒకటి తనే అతికి తయారుచేశాడు.

ఇక మిగిలింది నేను పాడుచేసిన రంగులు. మరలు వెనకాల, బొమ్మ ముందర. అందుకని ఎదురుగా స్టూలు మీద మా ఇంటి అద్దం నిలబెట్టి, అందులో చూస్తూ వెనక నుంచి తిప్పడం ఆయన పద్ధతి. తెరంతా తెలుపు పెట్టించి, "తెలుపు తెల్లగుందా, తల్లీ?" అని అడిగాడు.

లేదు. కాస్త పసుపు ఉంది. కానీ సెలవులు సగం అయిపోయాయి. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. పెద్దాయన, ఒక్క పైసా మాట ఎత్తకుండా మూడు రోజుల నుంచి తిరుగుతున్నాడు. "బాగుంది బాబాయ్" అన్నాను.

ఆయన లేచి ముందుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నా మొకం సూసి సెప్పకు. నా కళ్ళకి పొరలొచ్చినాయి. నాకు అన్నీ పసుపుగానే ఉంతాయి. నీ కంటిని నమ్మే నాను తిప్పతన్నాను. కనపడింది సెప్పు."

సిగ్గుతో చచ్చిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రెండో రకం పప్పులా ఉంది, బాబాయ్" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఆ మాట ముందే సెప్పొచ్చు కదమ్మా" అంటూ మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. నీలం కొంచెం, ఇంకొంచెం, అబ్బే ఎక్కువైంది, వెనక్కి. ఆరేళ్ళు నన్ను ఏడిపించిన పని ఆ పూట నాకు అక్కరకొచ్చింది. మొదటి రకం తెలుపు వచ్చాక ఆపమన్నాను. ఆయన ప్రతి మర పక్కనా పెన్సిల్తో గీత పెట్టాడు.

మర్నాడు కొట్టు తెరిచాం. ఉద్దానం ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద కుర్రాళ్ళు వచ్చేవారు. సెలవులు అయిపోయినా రద్దీ తగ్గలేదు. మా అత్త మళ్ళీ పప్పు మాట ఎత్తలేదు. ఆ తర్వాత మందస, సోంపేట ఎక్కడ కలరు టీవీ సరిచేయాలన్నా బాబాయి నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. "నా కళ్ళు వచ్చినాయి, కుర్చీ ఎయ్యండి" అనేవాడు ఆ ఇంటివాళ్ళతో.

మరుసటేడు ఆయనకి కంటి ఆపరేషను అయింది. నల్లద్దాలు తీసేసిన రోజే తిన్నగా కొట్టుకొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. "నీలం మరీ ఎక్కువైపోనాది, తల్లీ" అంటూ జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

నాకు పని నేర్పిన మనిషి. పైగా ఇప్పుడు కళ్ళు బాగా కనిపిస్తున్న మనిషి. మళ్ళీ చూశాను. "లేదు బాబాయ్. సరిగ్గానే ఉంది. తిప్పొద్దు" అన్నాను.

ఆయన నా వంక చూసి, స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. "అయితే ఇన్నాళ్ళూ పసుపే సూసిన నా కళ్ళే అలవాటు పడాల" అన్నాడు.

బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. ఎంత పెద్దవాళ్ళ ఎదుటైనా నాకు కనపడిందే చెబుతాను. మా ఆయన దీన్ని మొండితనం అంటాడు. అననీ.