నల్ల తెర కింద గిన్నె

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ వల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో నా కోడలు చదివే కంప్యూటర్ సెంటర్ మూతపడింది. మర్నాడు రిపోర్టు ఇవ్వకపోతే పరీక్ష రాయనివ్వరట. ఇంట్లో ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె నల్ల తెర మీద కమాండ్ కొట్టేది, బిలబిలా వచ్చిన వరుసలను కాగితం మీద రాసుకునేది, మళ్లీ వాటినే చూస్తూ రిపోర్టులో టైపు చేసేది. తప్పు పడిందని నోటుబుక్కులోంచి పదో కాగితం చింపేసరికి నాకు ఒళ్లు మండింది.

"అది ఒకపారి రాసింది గదనే, మళ్ల నువ్వెందుకు రాస్తున్నవ్?"

"మా సారు గిట్లనే చెప్పిండు అత్తమ్మా."

"ఫీజు గుంజి గిదా నేర్పింది? గంజి వంపేటప్పుడు కింద గిన్నె పెడ్తవా, నేల మీద పోసి బట్టతోని పిండుకుంటవా?"

మూతి ముడుచుకుంది కానీ, ఫోన్ తీసి స్నేహితురాలిని అడిగింది. కమాండ్ పక్కన బాణం గుర్తు, ఒక ఫైలు పేరు పెట్టమందట. పెట్టింది. తెర మీద ఒక్క అక్షరం రాలేదు.

"అయ్యో, అంత పోయింది!" అంది కోడలు.

"గిన్నెల పడ్డది నేల మీద యాడ కనపడ్తది? గిన్నె మూత తీసి చూడు."

ఫైలు తెరిస్తే అన్ని వరుసలూ ఉన్నాయి, ఒక్క తప్పు లేకుండా. సాయంత్రానికి రిపోర్టు అయిపోయింది.

చింపిన కాగితాల వెనకవైపు ఖాళీగానే ఉంది. వాటిని దారంతో కుట్టి, మర్నాడు పొద్దున కోడలి చేతిలో పెట్టాను.

"గివి మీ సారుకియ్యి. నువ్వు చెప్తుంటే రాసుకుంటడు."