ముడుపు కట్టని పెద్దకూతురు

అమ్మ కుడికాలి చివరి రెండు వేళ్లు నల్లబడిపోయాయి. షుగరు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆ రెండూ తీసేయాలి, ఆలస్యమైతే పాదం, ఇంకా ఆలస్యమైతే మోకాలి దాకా పోతుందని డాక్టరమ్మ మలేషియాలోని క్లాంగ్ ఆస్పత్రి వార్డులో నిలబడి మలాయిలో చెప్పింది. అమ్మ అంతా విని తలూపింది. సంతకం కాగితం ముందుకు జరపగానే మాత్రం రెండు చేతులూ దుప్పటి కింద దాచేసుకుంది.

"పెద్దది ముడుపు కట్టాల. అప్పుడే సంతకం ఎడతాను," అంది, నావైపు చూడకుండా.

ఆ పెద్దదాన్ని నేనే. నేనేమో క్రైస్తవురాలిని.

మా తాతలు విశాఖ దిక్కు నుంచి బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లోకి కూలికి వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఒక వాడుక ఉంది. ఎవరి ఒంటిమీదైనా కత్తి పడబోతే, ఆ మనిషి పెద్దబిడ్డ తోటలోని రాములోరి కోవెలకు వెళ్లాలి. పసుపు గుడ్డలో గుప్పెడు బియ్యం, ఒక నాణెం వేసి, దేవుడికి మొక్కుకుని, గర్భగుడి కటకటాలకు కట్టి రావాలి. మనిషి క్షేమంగా లేచాక వెళ్లి విప్పాలి. ఇప్పుడు రబ్బరు పోయి పామాయిలు వచ్చింది, సగం జనం పట్నాలకు వెళ్లిపోయారు, ఆ వాడుక మాత్రం పోలేదు. నా పదిహేనో ఏట అమ్మకు కడుపు ఆపరేషనయినప్పుడు ముడుపు కట్టింది నేనే.

ఆరేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. బియ్యానికో డబ్బుకో అమ్ముడుపోయానని మా వాళ్లలో కొందరంటారు. వాళ్ల నోళ్లు పడిపోను! నేను వెళ్లింది నా కోపానికి నేనే భయపడి. ఒకరోజు పాలు ఒలకబోసిందని నా కూతుర్ని గరిటె తిరగేసి కొట్టాను. అది ఏడవలేదు, నన్ను చూస్తూ గోడకు అతుక్కుపోయింది. ఆ వారమే ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చునే తమిళావిడ వెంట, ఒక దుకాణం మేడమీద జరిగే తమిళ ఆరాధనకు వెళ్లాను. అక్కడ నాకు క్షమాపణ దొరికింది. ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. ఇక ఇంకో దేవుడికి మొక్కనని నీళ్లలో నిలబడి మాటిచ్చాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, నా భక్తీ అలాగే ఉండేది. బాప్తిస్మమైన రెండో నెలలో తమ్ముడింట్లో సత్యనారాయణ వ్రతం చేశారు. అమ్మ ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దని మెల్లగా చెప్పి తిరిగి ఇచ్చేయొచ్చు. నేనేం చేశాను? చుట్టాలంతా చూస్తుండగా వంటింట్లోకి నడిచి చెత్తబుట్టలో పడేశాను. ఆ రోజు నుంచి అమ్మ నా గడప తొక్కలేదు.

అందుకే ఆ సాయంత్రం వార్డు బయటి వరండాలో నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. కట్టకపోతే అమ్మ కాలు పోతుంది. కడితే, దేవుడికిచ్చిన మాట పోతుంది.

తమ్ముడు కారు తాళాలు తిప్పుకుంటూ దారి చెప్పాడు. "అక్కా, నానే పోయి కట్టేత్తాను. నువ్వు కట్టినావని అమ్మకి సెప్పు. అయిపోద్ది!"

నేను వద్దనలేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి. వాడు వెళుతుంటే చూస్తూ నిలబడ్డాను.

గంట తర్వాత ఫోనులో ఫోటో వచ్చింది. కటకటాలకు పసుపు మూట. కింద తమ్ముడి మాట: డన్. నేను పాస్టరుగారి భార్యకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆవిడ, "అమ్మ అడిగితే అయిపోయిందని మాత్రం అనండి సిస్టర్, అది అబద్ధం కాదు కదా," అంది తమిళంలో. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు. నేను వినాలనుకున్న మాట సరిగ్గా అదే కాబట్టి.

ఇంకో గంట వరండాలోనే గడిపి లోపలికి వెళ్లాను. తమ్ముడు అప్పటికే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. చూడటానికి వచ్చినవాళ్లను పంపించేయడానికి ఇంకో అరగంట ఉంది. నర్సు కాగితం, పెన్నూ పట్టుకుని రెండోసారి వచ్చింది.

"కట్టినావేటి?" అంది అమ్మ.

తమ్ముడు నాకు కళ్లతో సైగ చేశాడు. అయిపోయిందమ్మా అనే మాట నాలుక చివరకొచ్చింది. అమ్మ నన్నే చూస్తోంది. ఎదురుగా ఆ కళ్లుండగా అనలేకపోయాను.

"ముడుపు కట్టారమ్మా. కట్టింది తమ్ముడు. నేను వెళ్లలేదు."

అమ్మ ముఖం గోడవైపు తిప్పేసుకుంది. "అలగయితే కాలు పోనీ," అంది.

"మక్చిక్, పెద్దమ్మా, పొద్దున మొదటి కేసు మీదే, ఇప్పుడు సంతకం పెట్టకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది," అని నర్సు మలాయిలో బతిమాలింది. అమ్మ కదల్లేదు. తమ్ముడి ముఖం ఎర్రబడింది. వార్డంతా వినేలా అరిచాడు. "అమ్మని సంపేత్తావేటే? ఒక్క మాట! ఒక్క మాట అనలేకపోనావా?"

నిజం చెప్పినందుకు ధైర్యం వస్తుందని మేడమీద ఎన్నిసార్లు విన్నానో! ఏమీ రాలేదు. అమ్మ కాలు నా చేతులతో నేనే నరికేస్తున్నట్టనిపించింది.

అమ్మ గోడకే చెప్పింది. "ఆ రోజు పెసాదం సెత్తబుట్టలో ఏసినావు. అదీ నీ దేవుడి కోసమే అన్నావు. ఇయ్యాలా నీ దేవుడి కోసమే. నీ నిజాలన్నీ నా మొకం మీదే ఎందుకు కొడతావే గుంటా?"

ఆరేళ్లు గొంతులో పెట్టుకుని తిరిగిన మాట అప్పుడు బయటపడింది. "ఆ రోజు దేవుడి కోసం కాదమ్మా. పొగరు. అందరూ చూడాలని చేశాను. నీ చేతి తిండి పారేశాను. తప్పయిపోయిందమ్మా, క్షమించు." ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మంచం చివరకు వెళ్లి, కట్టు కట్టిన ఆమె పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వాసన వస్తోంది. కళ్లు మూసుకున్నాను.

నేనెప్పుడూ తమిళంలోనే ప్రార్థన చేసేదాన్ని. అక్కడ నేర్పిన భాష అదే. ఆ రోజు తమిళం ఒక్క ముక్క కూడా రాలేదు. అమ్మ నాకు నేర్పిన తెలుగే వచ్చింది. "యేసయ్యా, మా యమ్మ కాలు నిలబెట్టు. నా మీద కోపముంటే నన్ను కొట్టు. మా యమ్మని బేగి లేపు. దాన్ని ఏడిపించింది నాను, అది కాదు." ఇంకా ఏమేమి అన్నానో గుర్తులేదు. తమ్ముడు అరవడం మానేశాడు. పక్క మంచం చైనా ముసలావిడ తన రేడియో తగ్గించింది.

కళ్లు తెరిచేసరికి అమ్మ ఇటు తిరిగి ఉంది. నుదురు ముడిచి నన్ను పరీక్షగా చూస్తోంది.

"నచ్చత్రం సెప్పనేదేటి?" అంది.

"ఏంటమ్మా?"

"నా నచ్చత్రం. అర్చనకి పేరూ నచ్చత్రం సెప్పమా? నువ్వేటి, మా యమ్మ మా యమ్మ అని ఊరుకున్నావు."

"ఆయనకు చెప్పక్కర్లేదమ్మా. ఆయనకు తెలుసు."

"ఓలమ్మ! ఈ గదిలో ఇన్ని మంచాలున్నాయి. అందరూ ఎవరో ఒకరికి అమ్మలే. నాను ఎవర్నో ఆయనెలాగ కనుక్కుంటాడు?" అప్పుడు అర్థమైంది నాకు. ముడుపు పంతం కింద ఉన్నదంతా భయమే. మత్తు ఇచ్చాక తాను ఎవరికీ గుర్తుండదేమోనన్న భయం. "మళ్లీ సెప్పు. రోహిణి అని సెప్పు. బటాంగ్ బెర్జుంటై అని కూడా సెప్పు."

మేడమీద వాళ్లు వింటే ఏమనేవారో నాకు తెలుసు. ఆరేళ్ల కిందటి నేనయితే అక్కడే ఒక పాఠం చెప్పి ఉండేదాన్ని. అమ్మ పాదం వదలకుండా మళ్లీ కళ్లు మూసుకుని, యేసయ్యకు అమ్మ పేరు చెప్పాను, రోహిణి నక్షత్రమని చెప్పాను, బటాంగ్ బెర్జుంటై తోటలో కూలి ఇళ్ల ఏడో లైను, నీళ్ల పంపు పక్క ఇల్లని చెప్పాను, కుడికాలని చెప్పాను.

"కుడికాలు, సివరి రెండు ఏళ్లు," అని అమ్మ సరిదిద్ది, పెన్ను కోసం దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి తీసింది.