సీజియం మీద పిసరంత ఆక్సిజన్

మొన్న టీవీ వార్తల్లో చీకట్లో తీసిన ఆకుపచ్చ బొమ్మలు చూపిస్తుంటే, చీకట్లో చూసే అలాంటి దుర్భిణుల లోపలి మర్మం ఒకప్పుడు నా చేతుల మీదుగా నడిచిందని మా ఆవిడతో అన్నాను. నమ్మలేదు. మీరైనా నమ్ముతారు, నా ఈడువాళ్ళు కదా, అబద్ధానికీ అతిశయోక్తికీ తేడా తెలిసినవాళ్ళు.

రెండువేలు దాటిన కొత్తలో నల్లపాడు అవతల ఒక కాలేజీలో పరిశోధన చేసేవాణ్ణి. మా దగ్గర రైలింజనంత స్టీలు డబ్బా, నిజానికి పాలబిందెకన్నా కాస్త పెద్దది, ఒకటుండేది. అందులో గాలంతా తోడేసి, గోరంత గాలియం ఆర్సెనైడ్ ముక్క మీద సీజియం ఆవిరి పట్టించి, ఎర్రటి వెలుగు వేస్తే లోపలి ఎలక్ట్రాన్లు బయటికి దూకాలి. ఆ దుర్భిణులు చీకట్లో చూసేది ఈ దూకుడుతోనే. వాటికి ముక్క అంచున గోడలాంటి అడ్డు ఉంటుంది. సీజియం దాన్ని దించుతుంది. ఎంత పట్టిస్తే అంత దిగుతుందని గురువుగారూ నేనూ నమ్మాం. పత్తి పురుగు చావకపోతే ఇంకో ట్యాంకు మందు కొట్టడమే మా ప్రాంతానికి తెలిసిన శాస్త్రం మరి! "ఇంకాస్త పట్టించవయ్యా" అనేవారాయన. దూకిన ఎలక్ట్రాన్లను లెక్కగట్టే మీటరు ముల్లు లేచినట్టే లేచి, నడుము విరిగినట్టు పడిపోయేది. అలా ముక్కలన్నీ చంపుకుంటూ వచ్చి ఆఖరి దానికి చేరాం. శుక్రవారంలోగా ఫలితం చూపకపోతే డబ్బా స్టోరుకీ, నేను ఇంటికీ అని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు.

దిగులుగా ఊరికి పోతే, మా పెద్దమ్మ కల్లంలో ఎండుమిరపకాయలు బస్తాల్లో తొక్కేటప్పుడు విరగకుండా నీళ్ళు చల్లుతోంది. సాయం చేద్దామని చెంబెత్తి పోశాను.

"ఏరా, చల్లమన్నానా, స్నానం చేయించమన్నానా? కాసిని చల్లు, గాలి తగలనియ్, మళ్ళీ కాసిని చల్లు. అంత చదువు చదివావు, చెయ్యి ఆపడం నేర్పలేదంట్రా ఎవరూ?"

నవ్వాను గానీ, తిరుగు బస్సులో ఆ నవ్వు ఆగిపోయింది. మా డబ్బాకు ఆక్సిజన్ వదిలే వాల్వు ఒకటుంది. సీజియం పాడవుతుందన్న భయంతో దాన్ని ముట్టనే లేదు.

గురువారం ఆఖరి ముక్క ఎక్కించాం. ముల్లు లేచి కాస్త తల వంచగానే సీజియం ఆపేశాను.

"అదేంటయ్యా, ఆపేశావు?"

"గాలి తగలనిద్దామండీ."

పిసరంత ఆక్సిజన్ వదిలాను. ముల్లు ఈసారి మునుపటికంటే పైకి లేచింది. మళ్ళీ సీజియం, మళ్ళీ ఆక్సిజన్, ప్రతి విడతకూ ఒక మెట్టు ఎక్కి, చివరికి ముల్లు మీటరు అంచుకు కొట్టుకుని ఇక పోవడానికి చోటులేక వణికింది. జన్మలో గొంతెత్తని గురువుగారు పొన్నూరు దాకా వినిపించే కేక వేశారు. ప్రిన్సిపాల్ గారు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి, ముల్లును చూసి, డబ్బాకు దణ్ణం పెట్టారు.

ఆ పూత రెండు రోజులే బతికింది, దాని స్వభావమే అంత. డబ్బా మాత్రం కదల్లేదు, నాకు డాక్టరేటూ వచ్చింది. ఈమధ్య ఒక ల్యాబ్‌కు వెళితే, కంప్యూటరే వాల్వులు తిప్పుతూ, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతూ, మేం కలలో కూడా చూడనంత ఎలక్ట్రాన్ల కరెంటు తెస్తోంది. తెర మీద గీత నిటారుగా లేస్తే, అక్కడ పరిశోధన చేసే పిల్లలు టీ తాగుతూ ఓసారి చూసి తలూపారు. నాకు మాత్రం గొంతు దాకా కేక వచ్చింది. అందరూ తిరిగి చూస్తారేమోనని టీతో పాటు మింగేశాను.