గొర్రెల లెక్కకు మూడు సున్నాలు

1962 జూన్‌లో నన్ను మక్తల్ దగ్గరి ఒక పల్లె ప్రాథమిక పాఠశాలకు బదిలీ చేశారు. బడికి ఇద్దరమే ఉపాధ్యాయులం. నాలుగు, ఐదు తరగతులు నావి. ఏడాది చివర తాలూకా నుంచి డిప్టీ ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చి, ఐదో తరగతికి తానే లెక్కలిచ్చి పాసో ఫెయిలో తేల్చేవారు.

ఆ తరగతిలో పిల్లలకు కొరుకుడు పడనిది రెండంకెల గుణకారం. నలభై ఎనిమిదిని ఇరవై మూడుతో గుణించాలంటే ముందు మూడుతో గుణించి ఒక వరుస రాయాలి. తరువాత రెండుతో గుణించిన వరుసను ఒక స్థానం ఎడమకు జరిపి రాసి, రెండూ కూడాలి. జరపడం మరిచిపోతే వెయ్యిన్నూట నాలుగు రావలసిన చోట రెండువందల నలభై వస్తుంది. అందుకే ముందు ఉజ్జాయింపుగా ఒక అందాజ కట్టించేవాణ్ని. యాభై ఇరవైలు వెయ్యి, జవాబు ఆ దరిదాపుల్లో ఉండాలి. జవాబును దానితో సరిచూసుకున్నాక, ఆ అందాజను పలక మీద నుంచి తుడిచేయమనేవాణ్ని.

గొర్రెలు కాసే బీరయ్య కూతురు మల్లమ్మ ఎక్కాలు గడగడా అప్పజెప్పేది. బీరయ్య ఏడాది మొదట్లోనే తన మాట చెప్పాడు: "పాసైతె మక్తల్ల ఆరు చదివిస్త సారూ. ఫెయిలైతె మంద ఎంబడి పోతది. గంతే."

పల్లె పిల్లలకు తెలిసిన వస్తువుతో లెక్క ఇస్తే సులువని ఎవరో చెప్పగా విని, నేను మందలతో లెక్కలివ్వడం మొదలుపెట్టాను. ఒక మందలో నలభై ఎనిమిది గొర్రెలు, ఇరవై మూడు మందల్లో ఎన్ని? మల్లమ్మ పలక మీద "వెయ్యి దాటుతయి" అని రాసి ఊరుకుంది. సున్నా వేశాను. మరుసటి వారమూ అంతే, ఆ పై వారమూ అంతే. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. సోమరితనమని తిట్టి, మూడో సున్నా వేసి, తండ్రిని పిలిపించాను.

బీరయ్య గొంగడి సర్దుకుని గడప బయటే నిలబడ్డాడు. నా ఫిర్యాదు అంతా విని, తప్పు నాదన్నట్టు చూశాడు. "పానమున్న గొర్రెను ఒకటి, రెండని లెక్కవెట్టి చెప్తమా సారూ? బర్కతు పోతది, మంద పెరగది. మందను జూస్తే ఏది తప్పిందో నాకెర్కయితది. ఎవలన్న అడిగితె అందాజ జెప్తం."

ఆ పిల్ల బద్ధకించలేదు, ఇంటి కట్టు పాటించింది. నాకు సిగ్గేసింది. మరునాడు అదే లెక్కను జొన్న సంచులుగా మార్చి ఇచ్చాను. అందరికంటే ముందు వెయ్యిన్నూట నాలుగు చేసి చూపింది.

మార్చిలో డిప్టీ గారు వచ్చారు. నా ఖర్మ కాకపోతే, ఆయనా గొర్రెల లెక్కే ఇచ్చారు. మందకు అరవై ఏడు, ముప్పై ఎనిమిది మందలు. తనిఖీలో ఉపాధ్యాయుడు నోరెత్తకూడదు. గుమ్మం దగ్గర నిలబడి మల్లమ్మ చేతి వైపే చూస్తున్నాను.

చాలామంది వరుస జరపడం మరిచి ఏడువందల ముప్పై ఏడు తెచ్చారు. మల్లమ్మ పలక మీద మాత్రం "అరవై ఏడు జొన్న సంచులు" అని ఉంది, కింద రెండువేల ఐదువందల నలభై ఆరు. గొర్రెలెక్కడికి పోయాయని ఆయన గద్దించారు.

"గొర్రెలను లెక్కవెట్టొద్దు సార్. సంచులైతె ఎవ్వలకు నష్టం లేదు."

ప్రశ్న మార్చే హక్కు నీకెవరిచ్చారన్నారు ఆయన. అంతమందికి ఏడువందల ముప్పై ఏడు వస్తే నీదే సరైనదని ఎట్లా తెలుసని కూడా అడిగారు.

"డెబ్బై నలభైలు రెండువేల ఎనిమిదివందలు సార్. గంతకు జరంత తక్కువుండాలె గని, ఏడువందలెట్లయితయి?"

ఆయన పలక మీది వరుసలు సరిచూసి, రిజిస్టరులో పాస్ అని రాశారు. జూన్‌లో బీరయ్యే ఆమెను మక్తల్ బడిలో చేర్పించాడు.

రిటైరయ్యేదాకా నేను అందాజను తుడిపించలేదు, దానికీ మార్కులిచ్చాను. ఏ ఊరికి పోయినా, ఇక్కడ వేటిని లెక్కపెట్టరో ముందు అడిగి తెలుసుకునేవాణ్ని. ఆ పాత మార్కుల పుస్తకంలో మల్లమ్మ పేరు ఎదుట మూడు సున్నాలున్నాయి. అవి నాకు రావలసినవి.