జీపు ఆగిన గడపలు

నేను ఐదో తరగతితో బడి మానేసిన రోజు మా నాయన అన్నం ముట్టలేదు. మా అయ్యవారు మాత్రం ఇంటికి పోయి పాయసం వండించుకున్నాడని ఊర్లో చెప్పుకున్నారు. అట్లాంటి నేను, కంటి వెనక పొర జబ్బుల మీద విలాయతు పత్రికలకు వ్యాసాలు రాసే డాక్టరుకు కుడిభుజంగా ఉండినానంటే ఎవరూ నమ్మరు. కుడిభుజమంటే మరేం లేదు, జీపు తోలుతా హారను కొట్టే చెయ్యి.

కర్నూలు రాజధానిగా ఉండి, కచేరీలు గుడారాల్లో నడుస్తున్న ఏండ్లవి. పత్తికొండ దిక్కు పల్లెల్లో కొన్ని ఇండ్లుండేవి. ఆ ఇండ్లలో తాత నుంచి మనవడి దాకా, పొద్దుగూకితే గోడ పట్టుకోనిదే నడవలేరు. ఆకుకూర తింటే, చేపనూనె తాగితే పోయే రేచీకటి వేరు, ఇది వేరు అనేవాడు సారు. తలుపులు మూయించి, కిటికీకి కంబళి కట్టించి, కంట్లో చుక్కలు వేసి, చేతిదీపంతో లోపలికి చూసేవాడు. వెనక పొర మీద మసి పట్టినట్లుండే మచ్చలను రంగు పెన్సిళ్లతో కాగితం మీద దించుకునేవాడు. చూసిన ఇండ్లన్నీ మేనరికాల ఇండ్లే. జబ్బున్న ఇంట్లో మళ్లా ఆ రక్తంలోనే సంబంధం కలుపుకుంటే బిడ్డలకు దిగే భయం ఎక్కువని ఆయన వ్యాసం రాసినాడు. అది అచ్చయింది.

అచ్చయినప్పటి నుంచి మనిషికి కుదురు లేదు. వ్యాసం రాస్తే చాలదంట. ఇంకొక డాక్టరు తన వ్యాసంలో 'ఫలానా ఆయన ఇట్ల చెప్పినాడు' అని ఎత్తితేనే రాసింది బతికినట్లంట. టపా వచ్చే రోజు సారు రోగి కంట్లో చుక్కలు వేసి, అవి పనిచేసే లోపల రెండుసార్లు గేటు దాకా పోయొచ్చేవాడు. పత్రిక చేతికొస్తే వెనకపక్క నుంచి తెరిచేవాడు. ఎవరెవరి రాతలు ఆధారమో ఆ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో అక్కడ ఉంటాయి. వేలు పెట్టి కిందిదాకా దిగేవాడు, మళ్లా పైకి ఎక్కేవాడు.

"సార్, మా పక్కింటి సాయిబు గూడా ఉర్దూ పుస్తకం ఎనకనుంచే తెరుస్తాడు. ఆయన మాత్రం ముందుకు చదువుకుంటా పోతాడు" అన్నాను ఒకరోజు.

సారు నవ్వలేదు. పత్రిక మూసి, "బండి తియ్" అన్నాడు. యాడికో చెప్పలేదు. తుంగభద్ర దాకా పోయి ఊరికే తిరిగొచ్చినాం.

విలాయతులో ఎవరూ ఎత్తని ఆ వ్యాసాన్ని మన సీమలో అందరూ ఎత్తుకున్నారు. చదివింది ఒక్కడు లేడు. "జబ్బున్న ఇంట్లో" అన్న మాట దారిలో యాడనో రాలిపోయి, "మేనరికం చేస్తే గుడ్డోళ్లు పుడతారని డాక్టరు అచ్చేసినాడు" అని మిగిలింది. మేనకోడల్ని వద్దనుకునే మామ, అత్త కొడుకును వద్దనుకునే పిల్ల, అందరికీ మా సారే సాక్ష్యం. వ్యాసంలో ఒక్క ఇంటి పేరు లేదు. ఆ పని నా జీపు చేసింది. అది ఏ గడప ముందర ఆగితే ఆ ఇంట్లో జబ్బుందని సంబంధాలు కుదిర్చే పెద్దమనుషులు గుర్తు పెట్టుకున్నారు.

నాకది బద్వేల్లో తెలిసింది. రాజంపేట దిక్కు రోగుల్ని చూసి వస్తూ టీ అంగడి ముందర ఆపితే, అంగడాయన గ్లాసు చేత్తో పట్టుకోనే ఉరికొచ్చినాడు.

"ఏమప్పా, ఆ జీపు రవ్వంత ముందుకు పెట్టుకో."

"ఏం, దోవకు అడ్డమా?"

"దోవకు కాదు. లోపల ఇద్దరు ఆడపిల్లలుండారు నాకు."

టీకి దుడ్లు గూడా తీసుకోలేదు, తొందరగా పోతే చాలన్నట్లు.

ఆ వానకారులోనే సారు పేరు అచ్చులో దొరికింది. ఎవరో దొర ఒక వ్యాసంలో ఎత్తినాడు. సారు ఆ పుట నాకు చూపించి, నాకు ఇంగిలీషు రాదని గుర్తొచ్చి, తెలుగులో చెప్పినాడు: సంగతి కొత్తదే, అయితే చూసిన ఇండ్లు తక్కువ, వాళ్లనే మళ్లా చూసి, చుట్టాల కండ్లు గూడా చూస్తే తప్ప నమ్మలేము.

"ఇప్పుడు చూసి రాయకపోతే, నా వ్యాసాన్ని ఇంకెవరూ ముట్టరు" అన్నాడు. సంతోషం ఒక పూట కూడా నిలవలేదు.

మరుసటి పొద్దున్నే పత్తికొండ దారి పట్టినాం. చూసిన ఇండ్లలో అన్నిటికంటే పెద్ద కుటుంబం అక్కడే ఉండాది. సారు మాట మీద జీపును ఊరి బయట కల్లాల దగ్గర ఆపి నడిచినాం. జీపు ఆగితే సంబంధాల పెద్దమనుషులకే తెలిసేది. ప్యాంట్లు వేసుకున్న ఇద్దరం నడిచేసరికి ఊరంతా వెనకాలే వచ్చింది.

ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. మొగుడు అరుగు మీద చూపు తప్పి కూర్చోనుండాడు. పెద్దకొడుకు పశువుల మేతకు సద్ద దంట్లు కట్టలు కడుతున్నాడు. వానికీ పొద్దుగూకితే కనపడదు.

"అమ్మా, ఒక్కసారి అందరి కళ్లూ చూసి వెళ్లిపోతాను" అన్నాడు సారు.

"మీ మీద కోపం లేదు సామీ. మావానికి మా అన్న కూతుర్ని అనుకున్యాం. మీరు వద్దన్యారు, మానుకున్యాం. బయట చూస్తామంటే, జీపు ఆగిన గడప అని ఒక్కరూ తొక్కల్యా. ఇంగోసారి చూపిస్తే ఉండే చిన్నోనికీ పిల్లనియ్యరు."

సారు చేతిలో చుక్కల సీసా అట్లనే ఉంది. తేలిక చేద్దామని నోరు తెరిచినాను.

"అట్లనొద్దుక్కా. మీ ఇంటి కండ్ల సంగతి విలాయతు దొరలు చదువుతాండారు. ఈ పత్తికొండలో ఎంత దొడ్డోనికైనా ఉండాదా ఆ పేరు?"

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీకు పెండ్లి కాని చెల్లెలుండాదా అప్పా?"

"ఉండాది" అన్నాను, ఆలోచించకుండా.

"అయితే పోయి పిల్చకరా. మావాని చేత తాళి కట్టిస్తాం. ఆ దినం ఇంటిల్లిపాదీ కండ్లు తెరిచి కూకుంటాం, మీ సారును ఎంతసేపైనా చూసుకోమను."