ఒళ్లో టేపు డ్రైవు, కిటికీలో గోదావరి

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా అడవి దారిలో వెళ్లొచ్చా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. తప్పకుండా వెళ్లండి. నేను మొదటిసారి ఆ దారిన వెళ్లింది తొంభైల మధ్యలో. విహారానికి కాదు, పని మీద. అప్పుడు కరీంనగర్‌లో ఒక ట్రస్టు కంటి ఆస్పత్రిలో కంప్యూటర్ గది చూసుకునేదాన్ని. మా వ్యాను ఉట్నూరు వైపు పల్లెల్లో తిరిగి పరీక్షించిన రోగుల వివరాలన్నీ మా పెద్ద కంప్యూటర్‌లో ఉండేవి. ముసలివాళ్లకు కరీంనగర్ దాకా ప్రయాణం కష్టమని, ఆ ఏడాది ఆపరేషన్లు ఆదిలాబాద్ శాఖలోనే చేయాలనుకున్నారు. అక్కడున్నది వేరే కంపెనీ కంప్యూటర్. దానికి వైర్లతో కలిపిన చిన్నవి ఇంకో మూడు. మా మిషన్ రాసింది వాళ్ల మిషన్‌కు అర్థమయ్యేది కాదు. ఫోన్ లైన్ మీద పంపుదామని వారం రోజులు ప్రయత్నించాం. ప్రతిసారీ సగంలోనే లైన్ తెగిపోయేది. చివరికి ఆపరేషన్లకు ముందురోజు, వివరాలన్నీ టేపుకు ఎక్కించి, ఆ టేపును చదివే డ్రైవును కూడా మోసుకుని నేనే బయల్దేరాను. అప్పటిదాకా ఒంటరిగా జగిత్యాల దాటి పోలేదు. రాత్రంతా హుషారుతో నిద్ర పట్టలేదు.

పొద్దున ఐదున్నర బస్సు. టికెట్ యాభై రూపాయల లోపేనని గుర్తు. డ్రైవు చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్దదిగా ఉండేది. మా అవ్వ దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఇస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ అదేమిటని అడిగితే, కంటి ఆస్పత్రి సామాను, కుదుపులకు పాడవుతుందని చెప్పాను. ఆయన ముందుకు వెళ్లి, “అన్నా, జర మెల్లగ పోనియ్. కండ్ల దవాఖాన సామాను ఉన్నది” అని డ్రైవర్‌కు చెప్పాడు. ఏడు గంటలకు జగిత్యాల, ఎనిమిదిన్నరకు రాయపట్నం వంతెన. వానలు వెనకబట్టిన రోజులు. గోదావరి ఇంకా ఎర్రగా, వంతెనకు కొంచెం కిందుగా, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా పారుతోంది. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసిన నదే అయినా, దాన్ని దాటి పనికి వెళ్తున్నానన్న సంబరంతో కొత్తగా కనిపించింది. లక్సెట్టిపేటలో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. డబ్బాను వదిలి దిగలేక కిటికీలోంచే పూరీలు, చాయ్ తెప్పించుకున్నాను. జన్నారం దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లే. ఉట్నూరు తర్వాత అడవి పల్చబడి పత్తి చేలు మొదలయ్యాయి. పన్నెండున్నరకు ఆదిలాబాద్‌లో దిగేసరికి నా కాళ్లు మొద్దుబారాయి కానీ డబ్బాకు ఏమీ కాలేదు.

అక్కడి కంప్యూటర్లు చూసుకునే కిషన్‌రావు గారు నాకన్నా పదేళ్లు పెద్ద, నెమ్మది మనిషి. ముందు అన్నం తినమన్నారు. నేను ముందు టేపు అన్నాను. డ్రైవును వాళ్ల మిషన్‌కు తగిలించడానికే గంట పట్టింది. తీరా టేపు తిరిగాక తెర మీద అక్షరాలు వచ్చాయి కానీ అవి పేర్లలా లేవు. ఇద్దరం చాలాసేపు చూశాం. ఒక చోట ఇంగ్లిషు అక్షరాల్లో ‘ARUMUL’, అరుముల్ అని ఉంది. ఆ అక్షరాలను వేలితో జతలు జతలుగా విడదీసి, ప్రతి జతనూ తిప్పి చదివాను. RAMULU, రాములు! మా మిషన్ ప్రతి జతలో ముందు రాసిన అక్షరాన్ని వాళ్ల మిషన్ వెనక చదువుతోంది, అంతే. జతలను తిప్పే చిన్న ప్రోగ్రామ్ రాయడానికి అరగంట కూడా పట్టలేదు. పేర్లన్నీ వరసగా సర్దుకుని, వైర్లతో కలిసిన మిగతా మూడు తెరల మీదా కనిపించినప్పుడు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. కిషన్‌రావు గారు నవ్వి, ఇప్పుడైనా అన్నం తింటావా అన్నారు. ఆస్పత్రి వెనక హోటల్లో జొన్నరొట్టె, వంకాయ కూర. అంత రుచిగా ఇంకెప్పుడూ తినలేదనిపించింది.

ఆ సంతోషం నాలుగు గంటల దాకానే. వరండాలో ముప్పై ఎనిమిది మంది రోగులు కూర్చుని ఉన్నారు. నర్సు రెహానా సిస్టర్ మా జాబితా పట్టుకుని, ఏ కంటికి ఆపరేషనో ఆ కంటిపై నుదుటి మీద చిన్న పట్టీ అంటిస్తోంది. ఉట్నూరు దగ్గరి గూడెం నుంచి వచ్చిన గంగుబాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“గీ కన్ను మంచిగనే ఉన్నది బిడ్డా. దీంతోనే నిన్ను చూస్తున్న. కనవడనిది గా కన్ను.”

సిస్టర్ లోపలికి వచ్చి నాతో మెల్లగా చెప్పింది. “ఒక్కామె అంటే మర్చిపోయిందనుకుందు. ముగ్గురు గట్లనే అన్నరు. జర చూడు.”

మా దగ్గర కుడి కన్నుకు ఒకటి, ఎడమ కన్నుకు రెండు అని రాసేవాళ్లం. కిషన్‌రావు గారిని అడిగితే, “మా తాన ఒకటంటే ఎడమనే. మొదటిసంది గంతే” అన్నారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఒకరినొకరం అడగలేదు, అంతే. అక్షరాలన్నీ సరిగ్గా దాటి వచ్చి ముప్పై ఎనిమిది మందికీ కళ్లు తారుమారయ్యాయి. డాక్టరు గారు చూడకుండా కత్తి పట్టరని సిస్టర్ ధైర్యం చెప్పింది.

అంకెలు తీసేసి కుడి, ఎడమ అని పూర్తి మాటలే వచ్చేలా ప్రోగ్రామ్ మార్చాం. కొత్త జాబితా చేత్తో పట్టుకుని ముగ్గురం వరండాలోకి వెళ్లాం. ఒక్కొక్కరికీ ఒక కన్ను మూసి, వేళ్లు చూపించి, సరిచూసి పట్టీ మార్చాం. ఆరు గంటలకు చివరి మనిషి వివరం కూడా సరిపోయింది. కిషన్‌రావు గారు నాకు చాయ్ గ్లాసు అందించారు.

నేను ఇంకో రెండు రోజులు ఉండిపోయాను. గంగుబాయి కట్టు విప్పినప్పుడు పక్కనే ఉన్నాను. డాక్టరు గారు వేళ్లు చూపించి ఎన్నని అడుగుతున్నారు. ఆమె అటు చూడనే లేదు. “సిస్టరమ్మా, నీ కోటు గుండీ ఊడింది” అంది. రెహానా సిస్టర్ కిందికి చూసుకుంది. నిజంగానే ఊడింది.

తర్వాత ఎన్నో ఊళ్లలో ఎన్నో రకాల మిషన్లను ఒకదానితో ఒకటి కలిపాను. అక్షరాలు చెక్కుచెదరకుండా చేరడంతో సగం పనే అయినట్టని నాకు తెలిసింది ఆ వరండాలోనే. అవతలివాళ్లు ఆ అంకెను ఏమని చదువుకుంటారో అడగడం మిగతా సగం. ఇప్పటికీ తెర మీద పేర్లు సర్దుకోగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కొడతాను కూడా. ఆ తర్వాత లేచి వెళ్లి, ఆ జాబితాలో ఉన్న మనిషినే ఒకరిని, అందులో రాసింది నిజమేనా అని అడుగుతాను.

మీరు వెళ్తే ఒక్క సలహా: పొద్దున మొదటి బస్సే ఎక్కండి. ఇప్పుడు ఆ అడవిలో రాత్రిపూట వాహనాలకు ఆంక్షలు ఉంటాయి. పైగా ఆ టేకు చెట్లను వెలుతురులోనే చూడాలి.